గోడలోని నాలుగో తీగ

మొదట మూడు దెబ్బలు వినిపించాయి. టక్, టక్, టక్. ఇనుము మీద ఇనుము కాదు, అంత కరుకుగా లేదు. రాగి మీద కొయ్య. గోడ లోపల ఎవరో మర్యాదగా తలుపు తడుతున్నట్టు.

మా పెద్దమ్మ అప్పుడు వినికిడి పరీక్ష గదిలో ఉంది. కిటికీలు లేని చిన్న గది, గోడలకు బూడిదరంగు స్పాంజి, చెవుల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. పెద్దమ్మ మూడుసార్లు నొక్కింది.

అద్దానికి ఇవతల కూర్చున్న డాక్టరమ్మ తలెత్తి మైకులో అడిగింది. "అమ్మా, నేనింకా ఏ శబ్దమూ పంపలేదు. ఎందుకు నొక్కారు?"

"మీరు పంపారో లేదో నాకేం తెలుసు? వినపడింది, నొక్కాను."

మళ్ళీ రెండు దెబ్బలు. పెద్దమ్మ మళ్ళీ రెండుసార్లు నొక్కి, ఎదురింటివాళ్ళ మీద కోర్టులో గెలిచినట్టు అద్దంలోంచి నా వైపు చూసింది. ఆమెకు చెవులు వినపడడం లేదని ఇంట్లో మొదట అన్నది నేనే.

"బావగారూ!" అని డాక్టరమ్మ వెనక సామాన్ల గది వైపు తిరిగి కేకేసింది. "వచ్చినట్టు ఒక్క మాట చెప్పొద్దూ? లోపల పరీక్ష నడుస్తోంది."

సామాన్ల గది తలుపు తెరుచుకుంది. పొడుగాటి మనిషి, యాభై ఎనిమిదేళ్ళుంటాయి. కళ్ళజోడు కాళ్ళకు నల్ల దారం. చేతిలో కొయ్యపిడి స్క్రూడ్రైవర్ తలకిందులుగా ఉంది. "తప్పయిపోయిందమ్మా. పైపు మీద కొడితే గదిలోకి వస్తుందని తట్టలేదు," అన్నాడు. అంతలో బయటినుంచి, ఎక్కడో గాలిలోంచి, ఇంకో గొంతు వచ్చింది. "బావా! పవరిచ్చాను, ఏమైంది? ఇక్కడ కాలు తిమ్మిరెక్కుతోంది!"

డాక్టరమ్మకి ఆయన బావ కాడు. ఎవరికీ కాడు, ఆ బయటి గొంతు మనిషికి తప్ప. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరూ కలిసి ఏసీలు బాగుచేస్తున్నారు. ఒకరు గది లోపల, ఒకరు గోడ బయట నిచ్చెన మీద. బయటి మనిషి "బావా" అని అరిచే అరుపు ఏ ఇంటికి వెళ్ళినా ముందు వినపడుతుంది కాబట్టి, ఇంటివాళ్ళు లోపలి మనిషిని బావగారూ అనేస్తారు. కంపెనీ మేనేజరు కూడా అంతే. బయటి మనిషి ముఖం చాలామంది చూసి ఉండరు. ఆయన్ని అవతలాయన అంటారు.

ఆ గదిలో ఏసీ పనిచేయక నెలవుతోంది. తలుపు మూస్తే ఉక్క, తీస్తే రోడ్డు శబ్దం. డాక్టరమ్మ పది నిమిషాలు పరీక్ష చేసి, ఐదు నిమిషాలు తలుపు తీసి, మనిషి చెమట తుడుచుకున్నాక మళ్ళీ మొదలుపెడుతోంది. మా పెద్దమ్మ వంతు అలా నాలుగు ముక్కలయింది. నాకు పనిలేదు. సామాన్ల గది గుమ్మంలో ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ మనిషిని అలా చూడడం మొదలైంది.

*

గోడకు లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె. మధ్యలో రెండు రాగి గొట్టాలు, ఒక కేబులు. కేబుల్లో నాలుగు తీగలు. రెండు కరెంటుకి, ఒకటి ఎర్తుకి. నాలుగోది సన్నని సంగతులకు. లోపలి పెట్టె దాని మీదే బయటి పెట్టెని అడుగుతుంది: ఉన్నావా, ఎంత వేడిగా ఉన్నావు, తిరుగుతున్నావా. బయటిది జవాబు చెబుతుంది. సెకనుకి ఎన్నోసార్లు. జవాబు రాకపోతే లోపలి పెట్టె కాసేపు ఆగి, మళ్ళీ అడిగి, ఇక పని మానేసి, ముందున్న చిన్న దీపాన్ని లెక్కగా ఆర్పి వెలిగిస్తుంది. కంపెనీ పుస్తకంలో దాన్ని కమ్యూనికేషన్ ఎర్రర్ అంటారు. వీళ్ళింట్లో "పలకట్లేదు" అంటారు.

పరీక్ష ఆగినప్పుడు బావగారు ఆ గదిలోకి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, లోపలి పెట్టె మూత తీసి, ఒక పాత మీటరు బయటికి తీశాడు. అంకెలు చూపించేది కాదు, ముల్లుది. దాని కొసలు తీగలు బిగించిన రెండు బిళ్ళల మీద ఆనించి స్క్రూడ్రైవర్ పిడితో గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టాడు. బయట కరెంటు వచ్చిన చప్పుడు.

"చూడండి సార్," అన్నాడు నన్ను చూడకుండా. "రెండూ మాట్లాడుకుంటుంటే ముల్లు ఊగుతుంది. గాలికి ఆకు కదిలినట్టు. ఇప్పుడు చూడండి."

ముల్లు ఒకచోటికి లేచి అక్కడే నిలబడిపోయింది.

"అడుగుతోంది. జవాబు రావట్లేదు."

ఒక్క దెబ్బ కొట్టాడు. ఒక దెబ్బ అంటే ఆపెయ్యమని. రెండంటే పవరివ్వమని. మూడంటే, సిద్ధమా అని. నాలుగు కొడితే కిందికి దిగి రమ్మని. సెల్‌ఫోన్లు ఉండగా ఇదెందుకని అడిగాను.

"ఫోనెత్తాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి కదండీ. నిచ్చెన మీద రెండు చేతులకీ పనే. మా బావమరిది మొదటి ఫోను నాలుగో అంతస్తు నుంచి పడింది. రెండోది ఒకాయన నీళ్ళ డ్రమ్ములో పడింది. మూడోది కొన్నాక మా ఆవిడ దాన్ని వాడి మెడకి కట్టింది. మెడలో కట్టిన ఫోను ఎత్తాలన్నా చెయ్యే కావాలి."

కరెంటు ఆపాక బయటి పెట్టెలో చెయ్యి పెట్టాలంటే ఐదు నిమిషాలు ఆగాలి. బోర్డులో నిలవున్న కరెంటు దిగాలి. ఆ ఐదు నిమిషాలూ వాళ్ళిద్దరికీ కబుర్ల వేళ. ఒకరు గోడకి లోపలినుంచి, ఒకరు బయటినుంచి, సామాన్ల గది చిన్న కిటికీ గుండా.

"బావా, వింటున్నావా?"

"లోపల పెద్దావిడకి చెవుల పరీక్ష. నువ్వు అరిస్తే ఆవిడ పాసైపోతుంది. మెల్లిగా చెప్పు."

"మూడో బోర్డు పెట్టినా ఇదే గొడవైతే నా మెకానిక్ కార్డు పీకేస్తానన్నాడు మేనేజరు. పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు."

"విన్నాను."

"మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న కార్డు బావా. రెండుసార్లు తప్పితే మా అక్క నన్ను ఎంత తిట్టిందో నీకు తెలీదా?"

"తిట్లన్నీ నా ముందే కదరా పడ్డావు."

కింద ఎవరో సైకిలు గంట కొట్టారు. మళ్ళీ కిటికీలోంచి గొంతు, ఈసారి నెమ్మదిగా.

"బావా, ఇంకోసారి అడుగుతున్నా, కోప్పడకు. ఏడేళ్ళ కిందట ఈ కేబులు లాగింది మనమే. గోడలో ఎక్కడైనా జాయింటు వేశావా?"

బావగారు స్క్రూడ్రైవర్ని జేబులో పెన్నులా పెట్టుకున్నాడు. "నా పనిలో జాయింటు నువ్వెప్పుడైనా చూశావురా?"

"చూళ్ళేదు."

"మరి?"

అడిగినదానికి అది జవాబు కాదు. గుమ్మంలో కూర్చున్న నాకు ఆ సంగతి అప్పుడే అనిపించింది. నిచ్చెన మీది మనిషికి అనిపించలేదు.

*

ఈ వృత్తిలో ఒక నియమం ఉంది. లోపలి పెట్టెకీ బయటి పెట్టెకీ మధ్య కేబులు ఒకే ముక్కగా ఉండాలి. పొట్టయితే పారేసి కొత్తది లాగాలి. మధ్యలో అతికి గోడలో దాచినవాడి కార్డు, దొరికిన రోజే, పోతుంది. కంపెనీ కాగితంలో దానికి వేరే గడి ఉంది: లోపం ఎక్కడ, ఎవరి పని. ఆ గడి ఖాళీగా పంపితే కాగితం వెనక్కొస్తుంది. కేబులు చూడకుండా బోర్డులు మార్చినా అదే గడి, అదే శిక్ష.

అవతలాయన నెలలో రెండు బోర్డులు మార్చాడు. మొదటిది పెట్టాక నాలుగు రోజులు నడిచింది. రెండోది పెట్టాక మూడు రోజులు. మార్చిన ప్రతిసారీ తీగలు కదులుతాయి, కదిలినందుకు ఎక్కడో లోపల ఒక కొస ఇంకో కొసని తాకుతుంది, మళ్ళీ వదిలేస్తుంది. కానీ అలా అనుమానించాలంటే ముందు కేబుల్లో అతుకు ఉందని అనుకోవాలి. బావ లేదన్నాడు. బావ పనిలో అతుకు ఉండదు. కాబట్టి బోర్డే పోయిందని అవతలాయన కంపెనీకి రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ కింద సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఆ గడిలో ఒక పేరు పడాలి.

మధ్యాహ్నం వాళ్ళు నేల మీద కేబులు పరిచారు. గోడలోని కేబులు రెండు కొసలా విప్పేసి, వ్యానులో ఉంచుకునే వేరే కేబుల్ని పరీక్ష గది లోంచి సామాన్ల గది మీదుగా, చిన్న కిటికీ గుండా బయటికి పంపారు. ఒకటే ముక్క. పెద్దమ్మ దాన్ని దాటబోతే బావగారు చెయ్యందించాడు. "పాము కాదు పెద్దమ్మా, దాటండి." ఆమెకు వినపడలేదు, కానీ దాటింది.

గొట్టం మీద రెండు దెబ్బలు. మీటరు ముల్లు లేచింది, వణికింది, ఊగడం మొదలుపెట్టింది. లోపలి పెట్టె రెక్క నెమ్మదిగా తెరుచుకుంది. బయట ఫ్యాను తిరిగిన శబ్దం. చల్లగాలి పెద్దమ్మ తెల్లజుట్టు మీద పడింది.

"బోర్డు బాగానే ఉంది బావా!" బయటినుంచి కేక. ఆ గొంతులో సంతోషం, వెంటనే ఆలోచన. "అయితే లోపం గోడలో ఉంది."

"ఉంది," అన్నాడు బావగారు.

"రేపు పగలగొడదాం."

"రేపు."

*

అవతలాయన కొత్త కేబులు కోసం వ్యాను తీసుకుని వెళ్ళాడు. పెద్దమ్మని ఆటో ఎక్కించి, బావగారిని నా స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాను. మూడు గదుల ఇల్లు. ముందు గదిలో బల్ల, బల్ల మీద ఫోను, ఫోను ముందు ఆయన భార్య. లావుపాటి ఎర్ర నోటుబుక్కు. పిల్లలు లేరు. ఇంటి పెత్తనం, పని పెత్తనం రెండూ ఆమెవే.

మేం వెళ్ళేసరికి ఎవరితోనో మాట్లాడుతోంది. "చల్లగా రావట్లేదంటే నాకేం అర్థమవుతుంది బాబూ? దీపం ఎన్నిసార్లు ఆరుతోంది? చూసి చెప్పు. లెక్కపెట్టు, నేనాగుతాను... ఆరా? నిజంగా ఆరేనా, తొందరలో ఒకటి మింగేశావా?... ఆరైతే ఫ్యాను. రేపు మావాళ్ళొస్తారు. అప్పటిదాకా స్విచ్చి ముట్టుకోకు. అబ్బాయి ఉన్నాడా ఇంట్లో? వాణ్ణి అసలే ముట్టుకోనివ్వకు."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. కంపెనీల దీపాల లెక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఏ కంపెనీకి ఎన్ని మెరుపులైతే ఏ రోగమో, తాను ఒక్క ఏసీ కూడా విప్పకుండా చెబుతుంది. వాళ్ళింట్లో ఏసీ లేదు.

"డాక్టరమ్మ గదిది ఏమైంది?" అని మొగుణ్ణి అడిగింది.

"గోడలో ఉంది."

"గోడలో ఏముంది?"

"రేపు తెలుస్తుంది."

ఆమె కాసేపు ఆయన్ని చూసింది. "పైపు మీద కొడితే తప్ప మాట రాదు ఈ మనిషికి," అని నాతో అని, టీ పెట్టడానికి లేచింది.

టీ తాగుతూ ఆయన పాత పని గురించి చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. ఇరవై రెండేళ్ళ వయసులో టెలిఫోను శాఖలో కేబులు జాయింటరు. రోడ్డు కింద గోతిలో దిగేవాడు. పైన గుడారం, చేతిలో దీపం, ఎదుట ఒక లావు కేబులు కోసి పెట్టి ఉండేది. దానిలో ఎనిమిది వందల జతల తీగలు, కాగితం చుట్టినవి. అటు ఎనిమిది వందలు, ఇటు ఎనిమిది వందలు. వాటిని రంగు చూసి, లెక్క చూసి, ఒక్కొక్కటీ మెలేసి కలపాలి. వానొస్తే గోతిలో మోకాళ్ళ వరకు నీళ్ళు. అయినా పైకి రావడానికి లేదు. సగం ఊరు మూగదై ఉంటుంది.

"ఒక్కో మెలికకి ఒక్కో ఇల్లు పలికేది సార్. ఎవరిదో పెళ్ళి సంబంధం, ఎవరిదో ఆస్పత్రి కబురు. నా వేళ్ళ మధ్య నుంచే పోయేవి. ఒక్కటీ వినపడేది కాదు."

ఫోన్లు జేబుల్లోకి వచ్చాక నేల కింద తీగలతో పని లేకపోయింది. నలభై ఏళ్ళ వయసులో ఇంటికి వచ్చేశాడు. బావమరిది అప్పుడు సైకిల్ షాపు నడిపేవాడు, అదీ అంతంతమాత్రం. ఇద్దరూ ఒక ఏసీ దుకాణంలో ఏడాది పని నేర్చుకుని బయటికి వచ్చారు.

"నేను వేసిన మెలిక ఎప్పుడూ ఊడలేదు," అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు అడుగున టీ చుక్క ఒకటి ఎండే దాకా దాన్నే చూశాడు.

*

మరునాడు పెద్దమ్మ పరీక్ష పూర్తి చేయడానికి మళ్ళీ వెళ్ళాం. మేం వెళ్ళేసరికి సామాన్ల గదిలో అరల బల్ల పక్కకి జరిపి ఉంది. సున్నం వేసిన తెల్లగోడ, ఎనిమిది అడుగుల పొడవు. కేబులు దానిలో ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో పైకి కనపడదు. అవతలాయన ఆరోజు మొదటిసారి లోపలికి వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా, మెడలో ఫోను, దాని పక్కనే ప్లాస్టిక్ కవర్లో కార్డు. కార్డు మీది ఫొటోలో ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"ఆ చివర మొదలుపెట్టి ఇటు వద్దామా?" అన్నాడు ఉలి తీస్తూ.

బావగారు ఉలి తన చేతిలోకి తీసుకున్నాడు. గోడ ముందు నిలబడ్డాడు. తట్టి చూడలేదు, కొలవలేదు. తన భుజం ఎత్తున, కిటికీకి రెండు జానల ఇవతల, ఉలి మొన పెట్టి సుత్తితో కొట్టాడు. పక్క గదిలో పెద్దమ్మ మీట నొక్కింది కాబోలు, డాక్టరమ్మ నవ్వు వినిపించింది.

సున్నం రాలింది. సిమెంటు పెచ్చు ఊడింది. నాలుగో దెబ్బకి లోపల నల్ల టేపు చుట్ట బయటపడింది. బొటనవేలంత.

అవతలాయన దాన్ని చూశాడు. తరువాత గోడ పొడుగంతా చూశాడు, ఈ చివరి నుంచి ఆ చివరికి. అంత గోడలో పడిన రంధ్రం అదొక్కటే.

"బావా. ఇక్కడే అని నీకెలా తెలుసు?"

బావగారు టేపు విప్పుతున్నాడు. లోపల నాలుగు తీగలు, నాలుగు అతుకులు. ఒకదాని పక్కన ఒకటి, మెట్లుమెట్లుగా, ఏదీ ఇంకోదాన్ని తాకకుండా. మూడింటికి టంకం వేసి ఉంది, నీటిబొట్టులా నున్నగా. నాలుగోదానికి లేదు. అది వట్టి మెలిక. పచ్చగా చిలుము పట్టి, ముట్టుకోగానే పొడి రాలింది.

అవతలాయన దగ్గరికి వంగి చూశాడు. మెలిక కొసలు వెనక్కి మడిచి ఉన్నాయి, చిన్న ముడిలా. ఆ మడతని ఆయన పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె తీగకీ, వ్యాను హారను తీగకీ.

"ఇది నీ చెయ్యి," అన్నాడు.

"అవును."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"కిందికెళ్ళావు, సామాను ఎక్కించడానికి. కేబులు మూరెడు తక్కువొచ్చింది. కొత్తది తెద్దామంటే కొట్టు కట్టేసే టైము. పొద్దున్నే గది తెరవాలి. మేస్త్రి సిమెంటు కలిపేసి తాపీ పట్టుకుని ఇక్కడ నిలబడ్డాడు, గట్టిపడిపోతోంది, తొందరగా కానివ్వండి సారూ అని. మూడింటికి టంకం వేశాను. నాలుగోది వేసేలోపు తాపీ పెట్టేశాడు." ఆగాడు. "కాదు. ఆపమంటే ఆగేవాడే. కరెంటు తీగలకి టంకం కావాలి, ఇది మాటలు పోయేది కదా, మెలిక చాలనుకున్నాను. ముప్పై ఏళ్ళయినా చెక్కుచెదరని మెలికలు వేశాను నేను. గోతుల్లో."

"గోతుల్లో వేసినవాటి మీద సీసం తొడుగు ఉంటుంది బావా. నువ్వే చెప్పావు వెయ్యిసార్లు."

"ఉంటుంది."

"నెల రోజుల్లో మూడుసార్లు అడిగాను నిన్ను."

గోడ రంధ్రంలోంచి ఇంకా కొంచెం పొడి రాలుతోంది.

"మూడుసార్లు! మొదటి బోర్డుకి ముందొకసారి, రెండో బోర్డుకి ముందొకసారి, నిన్న ఈయన ఎదురుగా ఒకసారి!" నన్ను చూపించాడు. నేను నేల చూశాను. "పరాయివాడైతే వాడి మాట నమ్మకుండా ఆ కేబులు మొదటిరోజే నేల మీద పరిచేవాణ్ణి. నువ్వన్నావని పరచలేదు."

"అందుకే చెప్పలేకపోయాన్రా. మొదటిసారి లేదనేశాను. రెండోసారి అడిగేటప్పటికి ఒక బోర్డు మారింది."

అవతలాయన గది మధ్యలో ఒకసారి గుండ్రంగా తిరిగాడు. తిరగడానికి చోటు లేదు. మోకాలు అరల బల్లకి తగిలింది. "చీ, ఈ బల్లొకటి," అన్నాడు. కోపమంతా కాసేపు బల్ల మీదికి పోయింది. తరువాత కాగితం బయటికి తీశాడు, ఆ గడి ఉన్న కాగితం. చాలాసేపు చూశాడు.

"తడికి కేబులు చెడిందని రాద్దాం," అన్నాడు నెమ్మదిగా. "జాయింటు సంగతి వద్దు. నువ్వు లేకుండా నేనొక్కణ్ణీ ఎక్కడ తిరగను?"

"తడి అని రాస్తే, కేబులు చూడకుండా రెండు బోర్డులు మార్చింది ఎవరు అంటాడు. సంతకాలు నీవి."

"అంటే అన్నాడు."

"కార్డు పోతుంది."

"పోతే పోయింది! నాలుగోసారి రాస్తాను పరీక్ష!"

"నువ్వా? మళ్ళీ?"

ఆ మాటకి అవతలాయనకే నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

బావగారు కాగితాన్ని గోడకి ఆనించి రాశాడు. లోపం ఎక్కడ: గోడలో దాచిన జాయింటు. ఎవరి పని: అక్కడ తన పేరు, కార్డు నంబరు. అక్షరాలు గుండ్రంగా, తొందర లేకుండా. రంధ్రాన్ని ఫోనులో ఫొటో తీశాడు. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. దగ్గరిది మసకగా వచ్చిందని మళ్ళీ తీశాడు. పంపాక మేనేజరు పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"బావగారూ, ఇది మీరే రాశారా? ఆలోచించుకుని రాశారా?"

"ఆలోచించుకోవడానికి ఏడేళ్ళు పట్టింది సార్."

"ఇది పంపితే ఇక పెట్టె మూత మీరు ముట్టుకోకూడదు. తెలుసుగా?"

"తెలుసు."

ఫోను పెట్టేసి, కొత్త కేబులు కట్ట విప్పడం మొదలుపెట్టాడు. అవతలాయన మెట్ల మీంచి లేచి వచ్చి, కట్ట అటు కొస పట్టుకున్నాడు. ఒకే ముక్కగా లాగారు. కిటికీ దాటి బయటికి పోయాక కూడా నాలుగు మూరలు మిగిలింది. కోయలేదు. చుట్టచుట్టి బయటి పెట్టె వెనక వదిలేశారు.

సాయంత్రం గది చల్లబడింది. పెద్దమ్మ పరీక్ష పూర్తయింది. కుడి చెవి సగం, ఎడమది అంతకంటే తక్కువ. "దెబ్బలు మాత్రం అన్నీ వినపడ్డాయి," అంది ఆమె, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ.

*

ఆయన గురించి రాద్దామని మళ్ళీ వాళ్ళింటికి వెళితే, తరువాతి సంగతులు ఆయన భార్య చెప్పింది. ఆరోజు ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చోకుండానే ఆయన ఆమెకి అంతా చెప్పాడట. ఆమె విని, "ఏడేళ్ళు నిద్రెలా పట్టింది?" అని అడిగిందట. పట్టిందన్నాడట. ఈ నెలే పట్టలేదన్నాడట. "అది నిజమే. నెల నుంచి గురక లేదు. నేనే పట్టించుకోలేదు. మెరుపులైతే లెక్కపెట్టేదాన్ని," అంది నాతో. ఆమె నవ్వలేదు. తమ్ముడి పక్కన నిలబడాలో, మొగుడి పక్కన నిలబడాలో తేల్చుకోలేక వారం రోజులు ఇద్దర్నీ తిట్టింది.

అవతలాయన తొమ్మిది రోజులు బావతో మాట్లాడలేదు. పని మాత్రం ఆగలేదు. వ్యానులో ఇద్దరూ చెరోవైపు చూస్తూ వెళ్ళేవారు. మూతలు తీయడం, మీటరు పెట్టడం అన్నీ అవతలాయనవే అయ్యాయి. లోపల ఒకసారి, నిచ్చెనెక్కి బయట ఒకసారి. బావగారు లోపల గోడ దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. దీపం చూసి, ముల్లు చూసి, స్క్రూడ్రైవర్ పిడితో గొట్టం మీద కొట్టేవాడు. గొట్టం మీద కొట్టడానికి కార్డు అక్కర్లేదు. బయటినుంచి జవాబు దెబ్బలు వచ్చేవి, కాస్త గట్టిగా. పదో రోజు ఎక్కడో ఐదో అంతస్తులో, ఐదు నిమిషాలు ఆగే వేళలో, బయటినుంచి గొంతు వచ్చిందట. "బావా, ఇక్కడ పావురం గుడ్లు పెట్టింది. ఏం చెయ్యను?"

నెల తరువాత పెద్దమ్మకి చెవి మిషను తీసుకోవడానికి వెళ్ళాం. పరీక్ష గదిలో చల్లగాలి మెత్తగా వస్తోంది. సామాన్ల గది గోడకి కొత్త సున్నం వేశారు. ఆ చోటు మాత్రం కొంచెం ఎక్కువ తెల్లగా ఉంది. మిషను పెట్టగానే పెద్దమ్మ ఉలిక్కిపడింది. "ఏమిట్రా ఇంత గోల!" అంది. ఫ్యాను, కాగితాలు, నా చెప్పులు, అన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి.

కిందికి దిగాక చూస్తే వ్యాను ఎదురింటి ముందు ఆగి ఉంది. బావగారు గోడకి ఆనించిన నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పైన అవతలాయన కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"నా గురించి రాస్తున్నారంటగా," అన్నాడు నన్ను చూసి. "మా ఆవిడ చెప్పింది."

అవునన్నాను.

"జాయింటు సంగతి కూడానా?"

అదీ రాస్తానన్నాను.

ఆయన తల పైకెత్తి బావమరిది కాళ్ళు ఒకసారి చూశాడు. నిచ్చెన మీద ఒక చెయ్యి ఉంచి, రెండోది చొక్కా జేబులో పెట్టాడు. జానెడు కేబులు ముక్క బయటికి తీశాడు. గోడలోంచి కోసింది. ఎండలో పట్టుకుని వేళ్ళతో తీగల్ని విడదీశాడు. పచ్చగా తిన్నదొకటి. దాని పక్కన మూడు.

"రాయండి సార్, తప్పేం లేదు. కానీ ఏడేళ్ళు తడిగోడలో ఉన్నాయి, నాలుగింట్లో మూడు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. అది కూడా రాయండి."